తెంపితేనే పొన్నగంటి

హన్మకొండలో మా ఇంటి వెనక అంచు విరిగిన టబ్బు ఒకటుంది. మూడేళ్ల కింద అందులో పొన్నగంటి పెట్టాను. రైతుబజార్లో కొన్న కట్టలో ఆకు దూసుకోగా మిగిలిన కాడల్లో గట్టివి ఏరి నాటితే, వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు వచ్చాయి. సంబరపడి వర్మీ కంపోస్ట్ వేశాను. రెండు పూటలా నీళ్లు పోశాను. కోయడానికి మాత్రం మనసొప్పలేదు. రెండు నెలలకు కాడలు మూరెడు సాగి, కణుపు కణుపునా తెల్లపూలు పూసి, ఆకు చిన్నదైపోయింది. వండితే నార నమిలినట్టుంది. పక్కింటి పెద్దమ్మ చూసి ఒకటే నవ్వు. "తెంపకుంటే ముదరదా బిడ్డా? కోసినకొద్దీ వస్తది అది."

మన ఊళ్లలో పొన్నగంటిని పని గట్టుకుని సాగు చేసినవాళ్లు తక్కువే. అట్లని దాన్ని ఎవరూ పెంచలేదనుకుంటే పొరపాటు. చెరువు శిఖంలో, అంటే నీళ్లు దిగాక బయటపడే నేలలో, తూము కింది కాలువ గట్టున, వరిమడి ఒడ్డున అది దానంతటదే మొలిచేది. కూరకు తెంపే ఆడవాళ్లు, మేసే బర్రెలు దాన్ని లేతగా ఉంచేవి. దీని ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి. కొస గిల్లితే ఆ రెండు ఆకుల మొదళ్ల నుంచి రెండు చిగుళ్లు లేస్తాయి. అంటే తెంపడమే దానికి సేవ.

వరిలో మాత్రం ఇది కలుపు కిందే లెక్క. కలుపుకు పోయినవాళ్లు మిగతా గడ్డిని గట్టు మీద పడేసి దీన్ని కొంగున కట్టుకుని వచ్చేవాళ్లు. కూలి డబ్బులతో పాటు రాత్రికి పప్పులోకి కూర కూడా అయ్యేది. ఏ సర్వేలోకీ ఎక్కని ఆ రాబడి కలుపు మందు వచ్చాక పోయింది. రైతును ఏమనగలం? కూలీలు దొరకరు, దొరికినా గిట్టదు, మందు డబ్బాతో పూటలో పని తెమిలిపోతుంది. కానీ మందు కొట్టిన మడి ఒడ్డున నాలుగు కాడలు మిగిలినా, వాటిని తెంపి పిల్లలకు వండే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక చెరువు సంగతి. కాకతీయుల పాకాల, రామప్ప, లక్నవరం మొదలుకొని ఊరి కుంట దాకా, కట్ట దగ్గర లోతుంటుంది, ఎదురు వైపు నేల పళ్లెంలా వాలుగా పైకి పోతుంది. వానలకు నిండి మత్తడి దుంకిన చెరువు, బతుకమ్మ దాటాక రోజుకింత వెనక్కి జరుగుతుంటే తడి ఒండ్రు బయటపడుతుంది. పొన్నగంటి ఇల్లు అక్కడే. కొన్నాళ్లు మునిగినా చావదు, కాస్త ఎండినా ఓర్చుకుంటుంది. కూర లేతగా రావాలంటే మాత్రం వేళ్ల దగ్గర తడి ఆరకూడదు.

2015లో మొదలైన చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ పూడిక తీయించింది, ఆ ఒండ్రు చేలకు చేరింది. మంచి పనే. అయితే జేసీబీ తవ్విన చోట్ల అంచు గోడలా నిలువుగా తేలితే, నీళ్లు దిగాక అక్కడ మిగిలేది ఎండిన మట్టిపెళ్లలు. నగరంలో దీనికి తోడు గట్టుకు రాతి కట్టుబడి, వాకింగ్ ట్రాక్, సెల్ఫీ పాయింట్. 2024 చివర్లో వరంగల్ భద్రకాళి చెరువు ఖాళీ చేసి పూడికకు దిగినప్పుడు లోతు గురించి, టూరిజం గురించి బోలెడు మాటలు విన్నాం. అంచు ఎంత వాలుగా ఉండాలన్న మాట నా చెవిన పడలేదు.

వాలు మిగిలిన చోటికేమో మురుగు వచ్చి చేరుతోంది. నీళ్లలో సీసం, కాడ్మియం లాంటి లోహాలుంటే ఈ మొక్క పీల్చుకుంటుంది. పైగా మురుగు గుంటల్లో దీన్నే పోలిన దక్షిణ అమెరికా కలుపు ఒకటి అల్లుకుంటుంది. గుర్తుపట్టడం తేలికే. పొన్నగంటి పువ్వుకు తొడిమ ఉండదు, ఆకు మొదట్లోనే అతుక్కుని ఉంటుంది. ఆ రెండోదాని పువ్వు పొడుగాటి తొడిమ మీద నిలబడుతుంది, ముదురు కాడ లోపల డొల్ల.

అందుకే ప్రస్తుతానికి టబ్బు మేలంటాను. నేనిప్పుడు చేసేది ఇంతే. ఒండ్రు మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి, రెండు మూడు కణుపులున్న జానెడు ముక్కల్ని ఏటవాలుగా గుచ్చుతా. నెలన్నరకు తొలి కోత, నేల మీద రెండు వేళ్ల ఎత్తు వదిలి. తర్వాత రెండు మూడు వారాలకోసారి, అవసరం లేకపోయినా కోయాల్సిందే. మే నెలలో నీడకు జరపాలి, మా ఎండల సంగతి తెలిసిందేగా.

కానీ టబ్బు కూర మా ఇంటికే సరిపోతుంది. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు సాగు చేయని ఆకుకూరలు కూడా తిండేనని ఎన్నో ఏళ్లుగా చెప్తున్నారు. వాళ్లవి మెట్ట చేలు. చెరువుల కింద బతికే మన దగ్గర ఆ మాట ఇంకా గట్టిగా వినిపించాలి. పూడిక టెండర్లో ఎన్ని క్యూబిక్ మీటర్లు తీయాలో రాస్తున్నప్పుడు, ఎదురు వైపు ఇంత మేర వాలు చెడగొట్టొద్దని ఒక వాక్యం రాస్తే కాంట్రాక్టర్‌కు వచ్చే నష్టమేమీ లేదు. ఆ వైపు మురుగు రాకుండా చూడటం ఖర్చుతో కూడిన పని, ఒప్పుకుంటాను. అయినా ట్రాక్ మీద లైట్ల కన్నా ముందు చేయాల్సింది అది.

మొన్న కోసినప్పుడు పెద్దమ్మ గుప్పెడు కాడలు అడిగి తీసుకుంది. వండుకోవడానికి అనుకున్నా. పరకాల దగ్గర వాళ్ల ఊళ్లో బోరు కాడ నీళ్లు పారే చోట పెడుతుందట.