256కి ఒక ఆవు: ప్రెయిరీ డాగ్ లెక్క ఎక్కడ తప్పింది

అమెరికాలోని గ్రేట్ ప్లెయిన్స్ అనే గడ్డిమైదానాల్లో ప్రెయిరీ డాగ్ పేరెత్తితే పశువులు పెంచేవాళ్లకు ఒళ్లు మండుతుంది. పేరులో కుక్క ఉన్నా అది ఉడుత కుటుంబానిది. కిలో అటూ ఇటూ బరువు, బొరియల్లో గుంపు కాపురం. 1902లో సి. హార్ట్ మెరియమ్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త 256 ప్రెయిరీ డాగ్‌లు ఒక ఆవు మేత తింటాయని లెక్కగట్టాడు. విషం పెట్టడానికి ఆ లెక్క బాగా అక్కరకొచ్చింది.

బీడులో జరిగేది మాత్రం అంత తేలిక తీసివేత కాదు. గుంపు కొత్తగా చేరిన అంచుల్లో వెస్టర్న్ వీట్‌గ్రాస్, బ్లూ గ్రామా అనే మేతగడ్డి రకాలు ఇంకా ఉంటాయి. పదేపదే కొరకడంతో ముదిరిన పోచ పోయి లేతచిగురు వస్తుంది. మేత తక్కువే, కాని అందులో మాంసకృత్తులు ఎక్కువ. దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ జాతీయ పార్కులో బైసన్ అనే అమెరికా అడవిదున్నలు ఏరికోరి ఈ అంచుల్లోనే మేస్తాయి. ఏళ్ల తరబడి పాతుకుపోయిన నడిమి భాగం వేరే కథ: గడ్డి పోయి కలుపు, పొట్టి పొదలు, బోడినేల మిగులుతాయి. పశువుకు అక్కడ దక్కేది దాదాపు శూన్యం.

కొలరాడో పొట్టిగడ్డి మైదానంలో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. మేతభూమిలో 20 శాతాన్ని ప్రెయిరీ డాగ్‌లు ఆక్రమిస్తే కోడెల బరువు పెరుగుదల విలువ సుమారు 6 శాతం, 60 శాతం ఆక్రమిస్తే 14 శాతం తగ్గింది. నష్టం నిజమే, కాని ఆక్రమణ ఎంతో నష్టం అంత కాదు.

కాబట్టి తూచాల్సింది గడ్డిని. మేతకు వదిలే ముందే గుంపు నడుమ, అంచున, బయట పశువు నోరు అందని తీగబోనులు పాతాలి. లేకుంటే ఆవు తిన్నది కూడా ప్రెయిరీ డాగ్ ఖాతాలో పడుతుంది. సీజను చివర బోనులో ఒక్కో వైపు అరమీటరు ఉండే చదరపు చట్రం పెట్టి, అందులోని గడ్డి కోసి, ఆరబెట్టి తూచాలి. గ్రాములను 40తో గుణిస్తే హెక్టారుకు కిలోలు. ఒక్కచోట కోసి తేల్చేస్తే లెక్క తప్పుతుంది. బొరియ దిబ్బ మీద పడిన చట్రం బీడంతా బోడి అని చెబుతుంది. మందను ఈ తూకాన్ని బట్టి నిర్ణయించాలి, కంచె లోపలి ఎకరాలను బట్టి కాదు. నడిమి బోడినేలను మేతగా లెక్కేస్తే మిగతా గడ్డి మీద భారం పడుతుంది.

అసలు చిక్కు అక్కడే. శత్రువు కనబడాలని ప్రెయిరీ డాగ్ ఎత్తు గడ్డిని కొరికి పడేస్తుంది. ఆ పని మనమే ముందు చేసి పెడితే, అంటే గుంపు పక్క గడ్డిని మొదలంటా మేపిస్తే, అది సులువుగా విస్తరిస్తుంది. కరువు ఏడాది మరీను. వసంతంలో ఆ వైపు మంద తోలకుండా గడ్డి ఎదగనివ్వాలి. నీళ్ల తొట్టి, ఉప్పు దిమ్మ దూరంగా పెట్టాలి.

విషం అంటారా, అక్కడా జింక్ ఫాస్ఫైడే. మన వరి రైతు ఎలుకలకు నూకల్లో కలిపేది అదే. వాళ్లు ఓట్స్‌లో 2 శాతం కలుపుతారు. ముందు మందులేని గింజ చల్లి అలవాటు చేయకపోతే ఎర ముట్టవు. పచ్చగడ్డి దండిగా ఉన్న రోజుల్లోనూ గింజ జోలికి రావు, అందుకే వేసవి చివరి దాకా ఆగుతారు. అంతా సరిగ్గా చేసినా కొన్ని మిగులుతాయి. మంద తగ్గకుండా, పక్క గడ్డి పొట్టిగానే ఉంటే పాత బొరియలు మళ్లీ నిండుతాయి. నడిమి బోడినేలలో గడ్డి తిరిగి కుదురుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.