గేటు టైమ్ సేఫ్టీ కోసమేనా?
"అమ్మాయిల హాస్టల్‌కి రాత్రి గేటు టైమ్ పెట్టేది వాళ్ళ సేఫ్టీ కోసమే" అని ఆర్టికల్‌లో రాశారు కదా, నాకైతే అది అస్సలు ఎక్కలేదు. మేం పీజీ చదివేటప్పుడు మాకు 8:30కే గేటు పడేది, అవతల బాయ్స్ హాస్టల్‌లో పన్నెండైనా అడిగే నాథుడు లేడు. ఒకసారి ఊరి నుంచి వస్తుంటే బస్సు బ్రేక్‌డౌన్ అయ్యి తొమ్మిదింబావుకి చేరా, వాచ్‌మన్ పాపం తాళంచెవి చేతిలో పట్టుకునే "వార్డెన్ మేడమ్ ఫోన్ ఎత్తట్లేదమ్మా, నన్నేం చెయ్యమంటావ్" అని గేటు లోపలే నిలబడ్డాడు, నేనేమో అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా ఉన్న సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని 40 నిమిషాలు రోడ్డు మీద, చీకట్లో. ఇదేం సేఫ్టీ అండీ? మర్నాడు అపాలజీ లెటర్ రాయించుకుని మా నాన్నకి ఫోన్ కూడా కొట్టారు, నన్ను బస్సెక్కించిందే ఆయన! 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి 9:30 రూల్ మీద కేరళ హైకోర్టుకి వెళ్తే, అమ్మాయిల్నే ఎందుకు లోపల పెట్టాలని కోర్టు కూడా అడిగింది. రూల్సే వద్దనట్లేదు నేను, ర్యాగింగ్ చేసేవాళ్ళ మీద, తాగొచ్చి గొడవ చేసేవాళ్ళ మీద ఇంకా గట్టిగా ఉండాలి, కానీ అలాంటి కంప్లైంట్ ఇస్తే కమిటీ, ఎంక్వైరీ అంటూ సెమిస్టర్ అయిపోయేదాకా నాన్చుతారు, లేటుగా వచ్చిన పిల్లకి మాత్రం తెల్లారేసరికి శిక్ష రెడీ.