ఆన్సర్ ఫోటో కాదు, 'ఎక్కడ ఆగిపోనావ్' అని అడిగేవాళ్లు కావాలి

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఏ డిగ్రీ కెమిస్ట్రీ బ్యాచ్‌ని చూసినా ఒక వాట్సాప్ గ్రూప్ ఉంటుంది, అసైన్‌మెంట్ ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి దాన్లో హడావుడి మామూలుగా ఉండదు. "ఒరే నాలుగోది ఎవరైనా చేసేరా, పెట్టండ్రా" అని ఒకడు అడుగుతాడు, బాగా చదివే అమ్మాయి ఎవరో నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పెడుతుంది, తెల్లారేసరికి క్లాసంతా అదే లెక్క, అదే కొట్టివేతతో సహా ఎక్కించేసుకుని వస్తారు. పిల్లలు ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారులే అని మనమూ ఊరుకుంటాం. నేనైతే దీన్ని సాయం అనను. అడిగినవాడికి ఏది తెలీదో అడిగినవాడికీ తెలీలేదు, పెట్టినమ్మాయికీ తెలీలేదు, మరి ఎవరికి ఏం సాయం జరిగినట్టు?

ఒక్క లెక్క తీసుకుందాం. 0.05 మొలార్ (మొలారిటీ అంటే ద్రావణం గాఢత) ఆక్సాలిక్ యాసిడ్ 20 మి.లీ. ఉంది, దాన్ని టైట్రేట్ చెయ్యడానికి, అంటే అదంతా సరిగ్గా రియాక్ట్ అయిపోయేదాకా చుక్కచుక్కగా పొయ్యడానికి, 0.02 మొలార్ పర్మాంగనేట్ ఎంత పడుతుంది? చాలామంది ఎం1వీ1 ఈక్వల్ టు ఎం2వీ2 (ఎం అంటే మొలారిటీ, వీ అంటే వాల్యూమ్) అని ఇంటర్ నుంచి నోటికొచ్చిన ఫార్ములా వేసేస్తారు, 50 మి.లీ. వస్తుంది. కొలిచి పోసే గాజు గొట్టం బ్యూరెట్ కూడా సరిగ్గా 50 మి.లీ.దే కాబట్టి ఆ నంబర్ మీద ఎవరికీ అనుమానం రాదు. కానీ అసలు జవాబు 20 మి.లీ. ఎందుకంటే ఈ రియాక్షన్‌లో రెండు పర్మాంగనేట్‌లకి అయిదు ఆక్సలేట్‌లు కావాలి, ఒకటికి ఒకటి కాదు. ఇప్పుడు గ్రూపులో 20 అని ఉన్న ఫోటో వచ్చిందనుకోండి, వాడు తన 50 కొట్టేసి 20 రాసుకుంటాడు. పరీక్షలో ఆక్సాలిక్ యాసిడ్ తీసేసి అదే మొలారిటీ, అదే 20 మి.లీ. మోర్స్ సాల్ట్ (ఐరన్ ఉండే లవణం) ఇస్తే అక్కడ అయిదు ఐరన్‌లకి ఒక పర్మాంగనేట్ కాబట్టి 10 మి.లీ. రావాలి, వీడు మళ్లీ 50 దగ్గరే ఉంటాడు.

అదే పక్కన కూర్చున్న ఫ్రెండ్ "ఏట్రా, ఎక్కడ ఆగిపోనావ్, నువ్వు చేసింది చూపించు" అని అడిగితే కథ వేరు. వాడి కాగితం చూడగానే ఎం1వీ1 కనిపిస్తుంది, "ఇక్కడ ఒకటికొకటి రియాక్ట్ అవుతున్నాయా, ఈక్వేషన్ బ్యాలెన్స్ చెయ్యి ముందు" అని ఒక్క మాట చాలు. మిగతాది వాడే చేస్తాడు, ఇంక ఆ లెక్క జన్మలో మర్చిపోడు.

ఇలా చెప్పడంలో లెక్చరర్ కన్నా తోటి స్టూడెంటే మేలు అని నేను గట్టిగా నమ్ముతాను. నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడికి తను ఎక్కడ తికమకపడ్డాడో ఇంకా గుర్తుంటుంది, పాతికేళ్లుగా అదే చెప్తున్నాయనకి అది కష్టమన్న సంగతే గుర్తుండదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే ఇది పట్టుకుని, క్లాసులో ప్రశ్న ఇచ్చి పిల్లలనే ఒకరితో ఒకరిని వాదించుకోమనే పద్ధతి పెట్టాడు. మన దగ్గర దీనికి ఇంకో అవసరం కూడా ఉంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం చేసేశారు, ఇచ్ఛాపురం వైపు నుంచో పార్వతీపురం వైపు నుంచో తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకి ప్రశ్న అర్థం చేసుకోవడమే సగం పని. ఈ పర్మాంగనేట్ టైట్రేషన్‌లో కలపడానికి సల్ఫ్యూరిక్ యాసిడే ఎందుకు, హైడ్రోక్లోరిక్ ఎందుకు వద్దు అంటే పుస్తకంలో ఇంగ్లీషులో ఒక లైను ఉంటుంది, బట్టీ పడతారు. "హైడ్రోక్లోరిక్ వేస్తే పర్మాంగనేట్ కొంత దాని మీదే ఖర్చయిపోద్ది రా, క్లోరిన్ వస్తాది, నీ రీడింగ్ ఎక్కువొచ్చేస్తాది" అని మన యాసలో ఫ్రెండ్ చెప్తే వైవాలో తడబడకుండా చెప్తారు.

బస్సు దిగి ఇంటికెళ్లేసరికి చీకటి పడిపోతుంది, ఇంటి పనులుంటాయి, పార్ట్‌టైమ్ చేసేవాళ్లున్నారు, వాళ్లకి కూర్చుని చర్చించే టైమెక్కడిది అంటారు. నిజమే, ఆ ఇబ్బంది నేను కాదనను. ఫోటో అడిగితే ఇవ్వకపోతే పొగరు అనుకుంటారన్న భయం కూడా ఉంది, అందుకే బాగా చదివే పిల్లలు మొహమాటానికి పెట్టేస్తారు. కానీ ఆ అలవాటు అసైన్‌మెంట్‌తో ఆగడం లేదు, ప్రాక్టికల్ రికార్డుల్లోకీ వచ్చేసింది, ఒకరి బ్యూరెట్ రీడింగ్ పది రికార్డుల్లో కనిపిస్తోంది. నాకు అసలు భయం ఇక్కడే.

మన కెమిస్ట్రీ పిల్లల్లో చాలామంది చూపు శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం ఫార్మా ఫ్యాక్టరీల మీద ఉంటుంది, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఉద్యోగమంటే ఇంటిల్లిపాదికీ ధైర్యం. అక్కడ కళ్లతో చూడని రీడింగ్ రాయడం చిన్న తప్పు కాదు, డేటా ఇంటిగ్రిటీ (రాసిన రీడింగులు నిజమైనవే అయి ఉండడం) అని దాని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ప్రత్యేకంగా గైడెన్స్ ఇచ్చింది, అలాంటిది ఇన్‌స్పెక్షన్‌లో దొరికితే ప్లాంట్ ఎగుమతులకే ఎసరొస్తుంది. మూడేళ్లు కాలేజీలో పక్కవాడి రీడింగ్ రాసుకున్న చెయ్యి అక్కడికెళ్లగానే మారిపోతుందా?

పిల్లల్ని తిట్టి లాభం లేదు, ప్రశ్న ఇచ్చే తీరు మారాలి. అదే లెక్కలో రోల్ నంబర్ బట్టి మొలారిటీ మార్చి ఇస్తే ఎవరి జవాబు వాళ్లదే, ఫోటో పనికిరాదు, కాబట్టి పద్ధతే అడగాల్సొస్తుంది. దీనికి డబ్బు అక్కర్లేదు, లెక్చరర్‌కి ఒక సాయంత్రం పని. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పీరియడ్ దీనికే వదలాలి, సాయంత్రం బస్సు పట్టుకునేవాళ్లకి కూడా అందేలా మధ్యాహ్నం పూటే పెట్టాలి, ముగ్గురు నలుగురు కలిసి కూర్చుని ఒకరి కాగితం ఒకరు చూసుకోవాలి. బాగా చెప్పగలిగిన పిల్లలకి ఇంటర్నల్స్‌లో కొన్ని మార్కులు కలపాలి, ఆ నోట్‌బుక్ ఫోటోలు పెట్టే అమ్మాయికి ఇన్నాళ్లూ ఆ కష్టానికి దక్కింది ఒక థమ్స్అప్ ఎమోజీయే కదా.