కొత్త పుస్తకాలు కొనాలి, పాత సినిమా చూడాలి

చలికాలం సెలవులు దగ్గరపడగానే చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఒక మహత్తర కార్యక్రమం మొదలవుతుంది. దాని పేరు ‘ఈసారి చదివేస్తా’. కొత్త పుస్తకాలు వస్తాయి, మంచం పక్కన దొంతరగా చేరతాయి. లావుది అడుగున, సన్నది పైన, మధ్యలో అర్థం కాదని కొనేటప్పుడే తెలిసిన అనువాదం ఒకటి. ఆ దొంతరకి ఫొటో తీసి అందరికీ పంపిస్తారు. దాంతో కార్యక్రమంలో ముఖ్యమైన ఘట్టం పూర్తవుతుంది కాబట్టి టీవీ పెట్టుకుంటారు.

ఇది చూసి సంస్కృతి మంటగలిసిపోతోందని వాపోయేవాళ్లున్నారు. వాళ్లకి లోకం తీరు తెలియదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. సెలవుల్లో పుస్తకం కొత్తగా ఉండాలి, టీవీలో వచ్చేది పాతగా ఉండాలి. రాజ్యాంగంలో రాయలేదు గానీ అందరూ పాటించే నియమం ఇదే. చదివిన పుస్తకాన్ని కానుకగా ఇస్తే మొహం మాడిపోతుంది, చూసిన సినిమాని పదోసారి వేస్తే మొహం వెలిగిపోతుంది. ఇంకో సంగతి, చదివితే పుస్తకం పాతబడుతుంది. దాన్ని ఎప్పటికీ కొత్తగా ఉంచాలంటే మార్గం ఒక్కటే, ఆ మార్గంలోనే మనం నడుస్తున్నాం.

పైగా తప్పంతా చలిది. పుస్తకం చదవాలంటే రెండు చేతులూ దుప్పటి బయట ఉండాలి. ఒక్క చేత్తో సర్దుకుందామంటే, పేజీల మధ్య ఇరుక్కున్న బొటనవేలు కాసేపటికి మనదో పరాయిదో తెలియని స్థితికి చేరుకుంటుంది. పేజీ తిప్పడానికి రెండో చెయ్యి రావాలి, అది రానంటుంది, అందుకని చదివిన పేజీనే ఇంకోసారి, ఈసారి మరింత శ్రద్ధగా చదువుతాం. వెల్లకిలా పడుకుని చదివితే ఐదువందల పేజీల నవల సరిగ్గా ముక్కు మీద పడుతుంది (సాహిత్యం మనిషిని కదిలిస్తుందని పెద్దలు అన్నది దీని గురించే అయ్యుండాలి). టీవీకి ఈ గొడవలేమీ లేవు. చేతులక్కర్లేదు, కళ్లు కూడా సగం తెరిస్తే చాలు. రిమోట్ దుప్పటి మడతల్లో మాయమైతే మరీ మంచిది, ఏం చూడాలన్న పేచీ ఉండదు, వచ్చిందే అందరూ చూస్తారు, దాన్నే ఏకగ్రీవం అంటారు.

ఐస్‌లాండ్‌ని చూసి నేర్చుకోమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడ దిగుమతి సరుకుల మీద సవాలక్ష ఆంక్షలుండేవి, కాగితానికి మాత్రం అంత ఇబ్బంది లేదు, దాంతో పుస్తకమే పండగ కానుక అయి కూర్చుంది. కొత్త పుస్తకాల జాబితా ఒకటి 1944 నుంచి వేస్తున్నారు, ఏళ్ల తరబడి ఇంటింటికీ పంచిపెట్టారు. డిసెంబరు 24 రాత్రి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుని చదువుకుంటారట. అభినందనలు. కానీ అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు నాలుగైదు గంటలు కనిపించి వెళ్లిపోతాడు. అంత చీకట్లో ఎవరైనా చదువుతారు, అదేం గొప్ప?

టీవీ సాధించినవాటి ముందు ఇవన్నీ దిగదుడుపే. 1966లో న్యూయార్క్‌లో డబ్ల్యూపీఐఎక్స్ అనే స్టేషన్ క్రిస్మస్ ముందురోజు రాత్రి మామూలు కార్యక్రమాల్నీ ప్రకటనల్నీ ఆపేసి నిప్పుగూట్లో కాలుతున్న దుంగని చూపించింది. పదిహేడు సెకన్ల ఫిల్ముని తిప్పి తిప్పి కొన్ని గంటలపాటు వేశారు, జనం కళ్లప్పగించి చూశారు. ఫిల్ము అరిగిపోతే 1970లో మళ్లీ తీశారు, అదీ కాలిఫోర్నియాలో, ఆగస్టు ఎండల్లో! చలికాలపు వెచ్చదనం ఎక్కడ తయారవుతుందో అప్పుడు తెలిసింది. అలాగే 1946లో ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అనే సినిమా విడుదలైతే పెట్టుబడి కూడా వెనక్కి రాలేదు. 1974లో ఎవరూ పట్టించుకోక దాని కాపీరైట్ గడువు పొడిగించలేదు, ఉచితంగా దొరుకుతోంది కదా అని అమెరికాలో ప్రతి ఛానెలూ పండగకి అదే వేసింది, వేసి వేసి దాన్ని కళాఖండం చేసింది. సంప్రదాయం ఎక్కణ్ణుంచి పుడుతుందని పరిశోధించేవాళ్లు కాస్త ఖర్చుల వైపు కూడా చూడాలి. జర్మన్లది ఇంకో దారి. 1963లో రికార్డు చేసిన పద్దెనిమిది నిమిషాల నలుపు తెలుపు హాస్య నాటికని, అదీ ఇంగ్లీషులో ఉన్నదాన్ని, ప్రతి డిసెంబరు 31నా చూస్తారు. ప్రతి డైలాగూ కంఠస్థం, అయినా నవ్వుతారు. ఏ కొత్త రచయితకైనా ఈ యోగం పడుతుందా?

అయితే పుస్తకానికీ టీవీకీ సంధి కుదిర్చిన ఘనత మాత్రం నార్వేది. కట్టెలు కొట్టడం, పేర్చడం, ఆరబెట్టడం గురించి వచ్చిన ఒక పుస్తకం అక్కడ విపరీతంగా అమ్ముడుపోయింది. దాన్ని ఆధారం చేసుకుని 2013 ఫిబ్రవరిలో ప్రభుత్వ టీవీ పన్నెండు గంటల కార్యక్రమం ప్రసారం చేసింది, అందులో ఎనిమిది గంటలు పొయ్యిలో మంట తప్ప ఇంకేం లేదు. నిప్పు వల్ల ఎవరికీ మనోభావాలు దెబ్బతినవనుకుంటాం కదా, దెబ్బతిన్నాయి. కట్టెల్ని బెరడు పైకి ఉండేలా పేర్చారని సగం ఫిర్యాదులు, కిందికి ఉండేలా పేర్చారని మిగతా సగం. ఇంత లోతైన సాహిత్య చర్చ మన పుస్తకావిష్కరణ సభల్లో ఎప్పుడైనా జరిగిందా?

కాబట్టి ప్రచురణకర్తలకి నాదొక సూచన. 2017లో నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ నిద్రతోనని దాచుకోకుండా చెప్పారు. పుస్తకానికి నిద్రతో పోటీ లేదు సరికదా ఏకంగా పొత్తే ఉంది, ఆ పొత్తే కొంప ముంచుతోంది. టీవీలో ఒక ఎపిసోడ్ అవ్వగానే తర్వాతిది దానంతటదే మొదలవుతుంది, లేచి వెళ్లాలంటే మనమే పూనుకోవాలి. పుస్తకంలో దీనికి తలకిందులు, ముందుకి వెళ్లాలంటే పూనుకోవాలి. పోనీ ప్రతి అధ్యాయం చివర ఐదు సెకన్ల గడియారం పెట్టి పేజీ దానంతటదే తిరిగేలా చెయ్యండి. మొదటి నలభై పేజీల వంశవృక్షాన్ని దాటెయ్యడానికి ఒక బటన్ ఇవ్వండి. ‘గత అధ్యాయంలో’ అని రెండు ముక్కలు వేస్తే పోయిన చలికాలంలో ఆపేసినవాళ్లం కూడా సిగ్గుపడకుండా మొదలెడతాం. నడుమ నడుమ ‘ఇంకా చదువుతున్నారా?’ అని అడిగించండి, కాకపోతే ఆ ప్రశ్న నోటితో జవాబిచ్చేలా ఉండాలి, అవునని నొక్కడానికి దుప్పట్లోంచి చెయ్యి బయటికి తియ్యమంటే మాత్రం కుదరదు.