రెండేళ్ల బుడ్డోడికి ఇంత సంచా?

మావాడు డే కేర్‌లో ఉండేది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. సంచి చూస్తే మాత్రం కాశీయాత్రకు బయలుదేరినట్టు ఉంటుంది. రెండు జతల బట్టలు, నాలుగు డైపర్లు, దుప్పటి, నీళ్ల సీసా, పెరుగన్నం డబ్బా. అన్నీ సర్దుకుని స్కూటీ మీద లీలామహల్ సర్కిల్ దాకా వచ్చాక స్పూను గుర్తొస్తుంది. రోజూ స్పూనే!

ఆ సీసా సంగతి వేరే చెప్పాలి. మూతలో రబ్బరు వాషరు ఒకటి ఉంటుంది. రాత్రి కడగడానికి తీస్తాం కదా, పొద్దున హడావిడిలో దాన్ని పెట్టడం మర్చిపోతే అంతే. అక్కడికి చేరేసరికి రెండు జతలూ తడిసి ముద్ద.

ఇప్పుడు కొత్తగా టోపీ టెన్షన్. మొన్ననే కొండ మీద కళ్యాణకట్టలో వాడికి గుండు కొట్టించాం. తిరుపతి కదా, డే కేర్‌లో ఏ పిల్లల్ని చూసినా గుండే, అందరి టోపీలకూ గంధం మరకే. పేరు రాసి పంపమన్నారు. రాశాను. రెండు ఉతుకులకే పేరు పోయింది, మరక పోలేదు.

మా ఆయన బండి తాళం పట్టుకుని గడప దగ్గర నిలబడి "నేనేమైనా సర్దాలా?" అంటాడు. అప్పుడా అడిగేది?

నిన్న సాయంత్రం సంచి తెరిస్తే ఒక సాక్సు లేదు, ఎవరిదో గులాబీ రంగు టోపీ ఉంది. పెరుగన్నం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.