మా పెరటి ర్యాంపు గారికి విన్నపం

మహారాజశ్రీ పెరటి ర్యాంపు గారి సముఖానికి నమస్కారాలతో,

తమరు మా ఇంట వెలసి నేటికి పదకొండు రోజులు. సిమెంటు గట్టిపడేదాకా తమకు గోనెసంచులు కప్పి, రెండు పూటలా నీళ్లు పట్టి, పసిబిడ్డను సాకినట్లు సాకాము. నిన్న ఆదివారం సాయంత్రం, తుంటి ఎముక విరిగిన నాటి నుంచి ఎనిమిది నెలలుగా పెరటి గుమ్మం దాటని మా అమ్మగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తమ దర్శనానికి తీసుకువచ్చాము. ముందు చక్రాలు తమ మీద మోపీ మోపగానే కుర్చీ ముందుకు ఒరిగింది. అమ్మ రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని "ఒరేయ్, ఆపరా" అని కేక వేసింది. వెనక పిడి నేను, ముందు భాగం పక్కింటాయన పట్టుకుని ఎలాగో దింపితే, చివర పాదాల పలకలు నేలకు గుచ్చుకుని కుర్చీ అక్కడే ఆగింది. ఎదురుగా ఆరడుగుల దూరంలో మల్లెపొద నిండా మొగ్గలున్నాయి. వాటిని చూస్తూ ఆమె, చెమటలు కక్కుతూ మేము, వచ్చిన దారినే వెనక్కి ఎక్కాము.

ఇందులో తమ తప్పేమీ లేదని, తమను కన్న మేస్త్రి నమ్మకమే వేరని నాకు తెలియకపోలేదు. మా రోడ్డు వేసిన ప్రతిసారీ పైకి లేస్తుంది కనుక, వాననీళ్లకు భయపడి నాన్నగారు ఇంటి మట్టం ఎత్తుగా కట్టించారు. గుమ్మానికీ పెరటికీ తేడా పద్దెనిమిది అంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున వాలు ఉంటేనే కుర్చీ క్షేమంగా దిగుతుంది. పద్దెనిమిది అంగుళాలకు పద్దెనిమిది అడుగులు. వేళ్ల మీద తేలే లెక్క. మేస్త్రి తమకు ప్రసాదించినది నాలుగడుగులు. అదేమని అడిగితే, "స్కూటరేంటండీ, బుల్లెట్టయినా ఝామ్మని ఎక్కేత్తదండి, ఆయ్" అన్నాడు. మా అమ్మగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆమె బుల్లెట్టు నడపదు.

నేను కొలతలతో గీసి ఇచ్చిన కాగితం ఏమైందని తమరు అడుగుతారేమో. రసమట్టం ఒక పక్క దిగినట్లుందని మేస్త్రి ఆ కాగితాన్నే నాలుగు మడతలు పెట్టి కింద ఎత్తుకు పెట్టుకున్నాడు. ఆ కాగితం ప్రకారం తమరు ప్రహరీ వెంట తొమ్మిది అడుగులు దిగి, మూల దగ్గర కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదరం విడిచి, మరో తొమ్మిది అడుగులు దిగవలసినవారు. చక్రం జారకుండా అంచున చిన్న గట్టు, పట్టుకోవడానికి రెండు పక్కలా కమ్మీ ఉండేవి. తమతోపాటు పక్కనున్న మళ్లు కూడా మెట్లుమెట్లుగా దిగుతూ, కూర్చున్న మనిషి చేతికి ఒకచోట గోంగూర, ఒకచోట బచ్చలి అందించేవి. కానీ ఆ తిరిగే చదరం ఈశాన్యంలో పడుతుందని, అక్కడ బరువు పనికిరాదని మా బాబాయి అడ్డుపడ్డారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, 2021 నాటి కేంద్ర మార్గదర్శకాలలో కూడా ఒకటికి పన్నెండు అనే ఈ వాలే ఉంది అని నేను వాదిస్తే, అవన్నీ ఆఫీసులకూ ఆసుపత్రులకూ గాని పెరటికి కాదన్నారు. నిజమే. చట్టం పెరట్లోకి రాలేదు, అమ్మ కూడా రాలేదు.

తమ బంధువర్గాన్ని కూడా ఒకమాట అనకపోతే పక్షపాతమవుతుంది. రెండున్నర అడుగుల ఎత్తున కట్టిన మడిని గోడకు ఆనించి నాలుగడుగుల వెడల్పు చేశారు. కూర్చున్నవారి చెయ్యి రెండడుగుల దాకా పోతుంది, మిగిలిన రెండడుగులు బల్లుల కైంకర్యం. మడి కింద మోకాళ్లు దూరే ఖాళీ వదలలేదు. కుళాయి చీలమండ ఎత్తులో ఉంది. దారి అందంగా ఉంటుందని మా బావ పోయించిన గులకరాళ్లలో చక్రం దిగబడుతుంది. కడియం నర్సరీల నుంచి ముచ్చటపడి తెచ్చిన పన్నెండు కుండీలు, తేలికగా ఉండాలని మట్టిలో కొబ్బరి పొట్టు కలిపి నింపినవి, ఎవరూ రాని పెళ్లిపందిరిలో కుర్చీల్లా వరసగా ఉన్నాయి.

అవన్నీ సర్దుకుంటాను. నీతోనే సర్దుకోలేను. ఇంక మర్యాద నావల్ల కాదు. మెట్టుకున్న నిజాయతీ కూడా నీకు లేదు. మెట్టు తన మీదుగా కుర్చీ పోదని చూడగానే చెప్పేస్తుంది. నువ్వు రమ్మని పిలిచి తోసేస్తావు. ఇద్దరు మగవాళ్లు మోసుకుని దింపేటట్లయితే నిన్ను కట్టడం దేనికి? మా అమ్మ ఒకప్పుడు పొయ్యి మీద పోపు మాడేలోగా పెరట్లోకి వెళ్లి కరివేపాకు రెబ్బ తుంచుకొచ్చేది. ఎవరినీ అడిగేది కాదు. ఇప్పుడు ఆ రెబ్బ కోసం నన్ను పిలుస్తుంది, నేను ఫోన్లో ఉంటాను, "పోనీలే, ఫ్రిజ్‌లో ఉన్నది వేసుకుంటాను" అంటుంది. ఆ "పోనీలే" విన్నప్పుడల్లా నిన్ను నా చేతులతోనే పగలగొట్టాలనిపిస్తుంది.

గురువారం మేస్త్రి సమ్మెటతో వస్తానన్నాడు. ఈసారి పద్దెనిమిది అడుగులకు ఒప్పుకున్నాడు, మూలన చదరానికి బాబాయి కూడా ఒప్పుకున్నారు, నిన్నటి కేక ఆయనకూ వినిపించింది మరి. అయితే ఈ ఉదయం అమ్మ గుమ్మంలో కూర్చుని నిన్ను చాలాసేపు చూసి, "దీని మీద ఎండ ఏటవాలుగా భలే పడుతోందిరా, పాత పంచె పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెట్టించు" అంది. పెట్టించాను. నీళ్లు కిందికి జారిపోయి, మధ్యాహ్నానికే పైన పొర కట్టాయి. ఇంతవరకు నువ్వు ఆమెకు చేసిన ఉపకారం ఇదొక్కటే. వడియాలకు ఇంకా రెండెండలు కావాలి, బుధవారం దాకా కదలకు.

ఇట్లు,
కుర్చీ వెనక పిడి పట్టుకున్నవాడు