సవరణ: ఎల్క్ వేటకు బ్యాక్‌ప్యాక్ ఫ్రేమ్ గురించి

అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్లి రాత్రి కొండమీదే ఉండేవాళ్లకు ఇంటర్నల్ ఫ్రేమ్ బ్యాగే (బరువు మోసే చట్రం సంచి లోపలే ఉండేది) సరిపోతుందని, ఎక్స్‌టర్నల్ ఫ్రేమ్ (చట్రం సంచి బయట ఉండేది) పాతకాలపు సరుకని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు. బ్యాగుల తయారీదారుల గైడ్లు చూశాక, అక్కడ ఏళ్లుగా మాంసం మోస్తున్నవాళ్లు చెప్పాక ఇది రాస్తున్నాను.

వెళ్లేటప్పుడు టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండికి ఇంటర్నల్ ఫ్రేమ్ హాయిగానే ఉంటుంది. వీపుకి అంటుకుని ఉంటుంది, పొదల్లో చిక్కుకోదు. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలోనే. పెద్ద మగ ఎల్క్ వెనక తొడ ఒక్కటే ఎముకతో కలిపి 25 కిలోలు దాటుతుంది. ఎక్స్‌టర్నల్ ఫ్రేములో లాగే ఇప్పటి హంటింగ్ బ్యాగుల్లోనూ చాలావాటికి ఫ్రేము వేరు, సంచి వేరు. మధ్యలో పట్టీలు వదులు చేసి, గుడ్డసంచిలో కట్టిన మాంసాన్ని ఫ్రేముకి ఆనించి పెట్టి, మళ్లీ బిగిస్తారు. బరువు వీపుకి దగ్గరగా ఉంటుంది, టెంటుకి నెత్తురు అంటదు.

ఫ్రేము భుజాలకన్నా కాస్త ఎత్తుగా ఉండాలి. భుజం పట్టీ పైనుంచి ఫ్రేముకి వెళ్లే చిన్న పట్టీ దాదాపు 45 డిగ్రీల వాలులో ఉంటే బరువు నడుముకి దిగుతుంది. పొట్టి ఫ్రేమైతే మనిషిని వెనక్కి లాగుతుంది. కొనేముందు షాపులోనే బరువు వేసి చూడండి, ఖాళీ బ్యాగులు అన్నీ బాగానే ఉంటాయి!

ఇంకో మాట. ఇది ఇక్కడ కూడా పనికొస్తుందా అని ఇండియా నుంచి కొందరు అడిగారు: ఈ పోస్టు అమెరికాలో వేట లైసెన్సు ఉన్నవాళ్ల కోసం రాసింది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం.